ఆయన జవాబు, నా ఆయాసం

బాగేపల్లి

అక్కా, నీ చెల్లెలు శశికళ నమస్కారాలు. ఇక్కడ అందరూ క్షేమమని రాయడం వాడుక. నన్ను పక్కన పెడితే అది నిజమే.

మా అమ్మాయి వినుతకు ఉద్యోగం దొరికిందా అని అడిగావు. చింతామణిలో ఒక బడిలో టీచరుగా చేరింది, రోజూ బస్సులో పోయి వస్తోంది. ఫోను రెండు మాటలకే ఎందుకు పెట్టేస్తున్నావనీ అడిగావు. మాట్లాడితే ఊపిరి అందదక్కా, నీకు తెలిసిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఏడాది కిందట నా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది కదా. మాత్రలు తప్పకుండా మింగాను. అయినా నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. చిక్కబళ్లాపురంలో డాక్టరుకు చూపించాం. ఆయన నన్ను అడగలేదు, పక్కనున్న మా ఆయన్ని, నీ మరిదిని అడిగాడు.

"ఎట్లుండాదప్పా ఈమెకి?"

"ఇంటి పనంతా చేస్తాండాది సార్. బాగానే ఉండాది."

డాక్టరు నవ్వాడు. "ఈ వయసు ఆడోళ్లకి ఆయాసం మామూలేనమ్మా. ఒళ్లు తగ్గించు, ఊరికే యోచన చేయొద్దు."

మరుసటి నెల మా బావ, నీ మరిది వాళ్లన్న చెన్నరాయప్ప, చూపించుకోవడానికి అక్కడికే పోయాడు. ఆయనకూ ఇదే జబ్బు వచ్చి తగ్గింది. అదే గది, అదే డాక్టరు. "గుట్టెక్కితే ఆయాసం సార్" అన్నాడో లేదో, "పాత గడ్డలు కరగలేదేమో, చూడాలప్పా" అని అప్పటికప్పుడే స్కాన్ రాశాడట. ఏమీ లేదని తేలింది. సంతోషమే. కానీ బావ ఆ సంగతి చెబుతుంటే అక్కడ కూర్చోలేక పెరట్లోకి పోయాను.

ఇన్నాళ్లూ నీ దగ్గర దాచింది చెబుతాను. ఆ రోజు నీ మరిది 'బాగానే ఉండాది' అన్నప్పుడు నేనూ తలూపానక్కా. నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఆ డాక్టరు కంటే నా మీదే ఎక్కువ రోత పుడుతుంది.

పోయిన వారం వినుతను తీసుకుని బెంగళూరు పోయాను. నోరు తెరిచి నేనే అడిగి స్కాన్ తీయించుకున్నాను. పాత గడ్డలు గట్టిపడి రక్తనాళాలకు అతుక్కుపోయాయట. గుండె కుడివైపు అలసిపోయిందట. ఇరవయ్యో తేదీ ఆపరేషన్.

ఇంటికొచ్చి చెబితే నీ మరిది, "శెనక్కాయ పీకేదాకా ఆగదా? కూలోళ్లకి వండేదెవరు?" అన్నాడు.

"ఆగదు" అన్నాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

నువ్వు రా అక్కా. నా బదులు మాట్లాడడానికి కాదు. డాక్టరుతో నేను చెబుతూ చెబుతూ ఊపిరి అందక ఆగినప్పుడు, నా మాట పూర్తయ్యేదాకా ఎవరినీ నోరు తెరవనివ్వకుండా చూడడానికి.

ఇట్లు,
నీ తోడబుట్టిన
శశికళ