పీణ్య బస్సులో పెద్దావిడ

శుక్రవారం, జూలై 1998

బాబుకి సూది వేయించి పీణ్య బస్సెక్కాను. నిలబడడానికే చోటు లేదు, పైగా వాడి ఏడుపు. సీట్లో ఉన్న ఒక పెద్దావిడ చేతులు చాచి, "బిడ్డని ఇట్లియ్యమ్మా" అంది. ఇచ్చానే గానీ, దారంతా వాడి పాదం పట్టుకునే నిలబడ్డాను. ఈ ఊళ్లో ఎవరిని నమ్మాలో నాకింకా తెలీదు. వాడు మాత్రం ఆవిడ ఒళ్లో హాయిగా నిద్రపోయాడు.

నా స్టాపులో ఆవిడా దిగి, వాణ్ణి మెల్లగా నా భుజాన వేసింది.

"మీ ఇల్లూ ఇక్కడేనా?" అన్నాను.

"లేదమ్మా, మా స్టాపు అప్పుడే పోయింది. బిడ్డ పండుకోనుండాడు, ఎట్ల లేపేది?" అంటూ, వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు దాటింది.

ఇంటికొచ్చి చూస్తే, వాడి సాక్సు ఒకటి ఊడి నా పిడికిట్లోనే ఉంది. నేనెంత గట్టిగా పట్టుకున్నానో ఆవిడ దారంతా చూస్తూనే ఉండి ఉంటుంది...