నువ్వు ఆడుతున్న ఫొటో

నాన్నా,

నువ్వు పోయాక మన భుయ్యాడీహ్ బస్తీలో ఇదే మొదటి అమ్మవారి సంబరం. ఈసారి నీ తప్పెటను అప్పన్న బాబాయ్ రొమ్ముకు కట్టుకున్నాడు.

నా స్టూడియోకి ఎవరొచ్చినా గడ్డం కాస్త దించాలి, భుజాలు సర్దుకోవాలి, నా వైపే చూడాలి. నిన్నూ అలాగే తీశాను. ఏటా తప్పెటగుళ్ళ ఆట మధ్యలో నిన్ను పక్కకు పిలిచి గోడ ముందు నిలబెట్టేవాణ్ణి. "ఆపకురా, ఆగితే అడుగు సచ్చిపోద్ది," అనేవాడివి. అయినా నా మాట కాదనలేక, గజ్జెల చప్పుడు కాకుండా నిలబడేవాడివి. అందుకే నువ్వు ఆడుతున్న ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు.

ఈరోజు నేనెవర్నీ ఆపలేదు. నీ దగ్గర నేర్చుకున్న ఆ గిరికీ వేస్తూ బాబాయ్ గాల్లోకి లేచినప్పుడు ఫొటో తీసేశాను. ముఖం అటు తిరిగిపోయింది. తప్పెట మీద చేతులు చెదిరి పొగలా వచ్చాయి. స్టూడియోలో అయితే అలాంటిది చెరిపేసేవాణ్ణి.

ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. కెమెరాను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ నాన్నని ఇదెప్పుడు తీసినావురా? ఇన్నాళ్ళూ నాకెందుకు సూపించనేదు?" అంది.

గోడ మీద దండ వేసిన ఫొటోలో నువ్వు గడ్డం కాస్త దించి, కదలకుండా మా వైపే చూస్తున్నావు.

"మర్చిపోయానమ్మా," అన్నాను.