ఆగని బండికి కంబళి లేదు

ఇందుమూలంగా సమస్త గ్రామ ప్రజలకు, ఆవులకు, గుర్రాలకు, తాడు మీద చెక్కలా బిగుసుకుపోయిన నా లోదుస్తులకు తెలియజేయడమేమనగా: దారిలో నిలిచిపోయిన బండిని చూసి కూడా ఆగకుండా పోయినవాడి ఇంజనుకు ఈ ఊళ్లో ఎవరూ కంబళి కప్పరాదు. కాదని కప్పినవాడి కిటికీ కింద తెల్లవార్లూ నాచేత పాటలు పాడబడును. ఊళ్లో మైకు పనిచేయనందున పాత బకెట్టు కొట్టి చాటించడమైనది.

చిరంజీవి తమ్ముడు ఎర్చిమ్‌కి, దీవించాలో తిట్టాలో తేల్చుకోలేక అన్న మిచిల్ రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ వదిన క్షేమం, ఆవులు క్షేమం, పొగమంచు అందరికంటే క్షేమం. చాచిన నా చెయ్యి నాకే కనపడటం లేదు. నీ క్షేమం అడగను. కూర్చునే సీటు కూడా వెచ్చబడే బండి కొన్నవాడికి క్షేమం కాక మరేముంటుంది?

నీ ఫోన్లో నా నంబరు మూసేశావు, అందుకే ఈ కాగితం. వెన్న తెచ్చే లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. చదవకుండా చింపుదామనుకోకు. అతనికి ముందే చదివి వినిపించాను, నోటితో అప్పజెప్తాడు. నీ ఆఫీసులో నలుగురి ముందు అప్పజెప్పమన్నాను కూడా.

ఇక మీ వదిన ఫోనుకు రాసి నువ్వడిగిన వాటికి జవాబులు.

కంబళి కుట్టడం అయిందా అని అడిగావు. అయింది. మీ వదిన ఆ చివరా నేను ఈ చివరా కూర్చుని కుట్టాం. లోపల దట్టమైన ఉన్ని, పైన గుడారం గుడ్డ, నీ బండి మూతికి సరిగ్గా సరిపోయే కొలత. అది కప్పితే గంటసేపు గాలిలో నిలబెట్టినా ఇంజను చల్లారదు. ఇప్పుడు దాని మీద మా కుక్క పడుకుంటోంది. దానికి వెచ్చబడే సీటు లేదు పాపం. పైగా దారిలో ఎవరు కనపడినా అది ఆగుతుంది, తోకూపుతుంది. నీకంటే దానికే అర్హత ఎక్కువ.

కిటికీలకు రెండో అద్దం అంటించడం తప్పదా అన్నావు. చదువుకున్నవాడివి, నన్నడుగుతావేం? అంటించకపోతే మీ ఊపిరే లోపలి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, గోటితో గీక్కుంటూ నడపాలి. అయినా నీకు చెప్పి ఏం లాభం? పట్నంలో వెచ్చటి షెడ్డులో బండి కడిగించి, తళతళలాడుతుంటే బయటికి తీశావట. కాసేపటికి తడి గడ్డకట్టి నాలుగు తలుపులూ అతుక్కుపోయి, కోటూ టై వేసుకుని వెనక డిక్కీలోంచి పాకుతూ లోపలికి దూరావట. నీ భార్య కున్నెయ్ ఫోన్లో మీ వదినకు చెప్పి ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. ఈ నేల మీద పుట్టినవాడెవడైనా జనవరిలో బండి కడుగుతాడా? ఫిబ్రవరిలో నిండు చూలాలిని ఆల్దాన్ నది మంచు మీదుగా యాకుత్స్క్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి నువ్వు. ఆ పిల్లని కూడా డిక్కీలోంచే ఎక్కిస్తావా? పుట్టే బిడ్డకి డిక్కీ అని పేరు పెడతావా?

మూడో ప్రశ్న చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశావు: "ఆ రోజు ఇంటికెలా చేరావు? నాటకం బాగా రక్తి కట్టిందా?"

చెప్తాను. కూర్చుని చదువు. సీటు వెచ్చబెట్టుకుని మరీ చదువు.

ఆ రోజు చలి సున్నాకి యాభై డిగ్రీలు కింద ఉంది. ఊరంతా రొట్టె అని పిలిచే నా పాత వ్యానులో నది దాటి వస్తున్నాను. ఇంజను బెల్టు తెగింది. ఆ చలిలో రబ్బరు రబ్బరు కాదు, బిస్కెట్టు. ఇంకో బెల్టు ఉంది గానీ సీటు కింద వెచ్చగా ఉంచకుండా వెనక పెట్టెలో పెట్టాను. వంచబోతే అదీ పెళుక్కున విరిగింది. ఆ దారిలో ఫోను పలకదని నీకూ తెలుసు. ఇంజను చల్లారిపోయింది. స్పేరు టైరు మీద డీజిల్ పోసి తగలబెట్టి దాని చుట్టూ తిరుగుతున్నాను, పెళ్లికూతురు లేని పెళ్లికొడుకులాగా.

అప్పుడు నీ తెల్ల బండి వచ్చింది. వేగం తగ్గించావు. నా మొహం చూశావు, నేను నీ మొహం చూశాను. రెండుసార్లు హారన్ కొట్టి, చెయ్యి ఊపి, నవ్వుకుంటూ వెళ్లిపోయావు. నేనూ నవ్వుతూనే నిలబడ్డాను. వంపు దాటి వెనక్కి తిప్పుతాడు, నన్ను ఏడిపించడానికి చేస్తున్నాడు, నా తమ్ముడే కదా అనుకున్నాను. నీ ఎర్రదీపాలు పొగమంచులో కరిగిపోయాయి. నా నవ్వు మీసాల మీదే గడ్డకట్టింది.

టైరు కాలిపోయింది. తర్వాత ఎవరు ఆగారో తెలుసా? కిర్గీలై. అవును, ఆ కిర్గీలైయే. వాడి తెల్లగుర్రానికి నేను బొగ్గుతో చారలు గీసిన దగ్గర్నుంచి నన్ను చూస్తే పక్కకు ఉమ్మేవాడు. అద్దం కొంచెం దించి మూతి బయటపెట్టాడు.

"ఏరా మిచిల్, ఈసారి నిజమా, మళ్లీ వేషమా?"

"నిజమే కిర్గీలై."

"నీ మాట నమ్మేంత వెర్రివాణ్ని కాదు. ఎక్కు."

"నమ్మకుండానే ఎక్కించుకుంటావా?"

"నోరుమూసుకుని ఎక్కరా, వెచ్చటి గాలంతా బయటికి పోతోంది! నిజమో అబద్ధమో లోపల కూర్చుని తేల్చుకుందాం. వేషమని తేలితే నీ మొహానికి చారలు గీస్తా."

దారంతా తిట్టాడు. నన్ను, నా పాటల్ని, పోయిన మన తాతని కూడా వదల్లేదు. తిడుతూనే తన గొర్రెతోలు కోటు విప్పి నా కాళ్ల మీద పడేశాడు. తమ్ముడూ, వాడి తిట్లలో ఉన్న వెచ్చదనం నీ హారన్లో లేదురా.

అప్పటికే ఆలస్యమైంది. ఎడమ కాలి చిటికెన వేలూ, దాని పక్కదీ నల్లబడ్డాయి. ఆసుపత్రి నర్సు రెండూ తీసేసి, "పారేయమంటారా?" అని అడిగింది. "వద్దమ్మా, పొట్లం కట్టివ్వు, మా తమ్ముడికి పంపాలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. మీ వదిన అసలే నవ్వలేదు. నీ పేరెత్తితే పళ్లెం విసురుతోంది.

నీ వాదన నాకు తెలుసు. "మంచు పడ్డ కొత్తలో నువ్వే కదా బానెట్ ఎత్తి దారిలో నిలబడ్డావు? పరుగెత్తుకొచ్చి ఏమైంది అన్నయ్యా అంటే, గడ్డకట్టిన చేపను చెక్కి నా నోట్లో కుక్కి, ఏమీ కాలేదు, ఆకలేసింది అన్నావు. ఒకసారి కాదు, మళ్లీనూ." అవును, చేశాను. ఎందుకు చేశానో మాత్రం నువ్వు ఎప్పుడూ అడగలేదు. మా ఇల్లు ఆ రోడ్డు పక్కనే ఉంది. ఆ కొత్త బండి కొన్నాక దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయావో నాకు తెలుసు, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నా పొగగొట్టంలో పొగ చూసి ఆగనివాడివి, బానెట్ ఎత్తితే ఆగావు. అందుకని ఎత్తాను. ఇంతకంటే వివరంగా రాయను, డ్రైవరు కూడా వింటున్నాడు.

నా వేషాలకు కోపమొస్తే ఆగి, దిగి, చెంప పగలగొట్టాల్సింది. ఆగాక ఏం చేసినా నీ ఇష్టం. ఆగకుండా పోయే వీలు మాత్రం ఇక్కడ ఎవడికీ లేదు. రేపు కున్నెయ్ పక్కన కూర్చుని ఉండగా నది మధ్యలో నీ బండి మొరాయిస్తే, అటుగా వచ్చేవాడు ముందు నీ చరిత్ర విచారించి అప్పుడు ఆగాలా?

కాబట్టి కంబళి లారీలో పంపను. కావాలంటే నువ్వే రా. ఇంటి ముందు ఆగు. ఇంజను ఆపకు, హ్యాండ్ బ్రేకు లాగకు, లాగితే అది గడ్డకట్టి వసంతం దాకా మా గుమ్మంలోనే ఉంటావు. బండి కడిగి వచ్చావో, తలుపు తీయను. నూనె పల్చటిదే పోశావో లేదో నేనే చూస్తాను, బ్యాటరీ నేనే చూస్తాను, అద్దాలు నేనే అంటిస్తాను. నీతో మాట్లాడను. కున్నెయ్ కోసం చేస్తాను. కిర్గీలైని కూడా పిలుస్తాను, వాడు నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయట.

చివరగా ఒక మాట. నువ్వొచ్చేసరికి నేను కుంటుతూ ఎదురురావాలనే అనుకున్నాను, పెరట్లో నడక కూడా సాధన చేశాను. మీ వదిన చీపురు తిరగేసింది. కాబట్టి ఒప్పుకుంటున్నాను: ఆ రెండు వేళ్ల సంగతి మొత్తం కల్పన. నర్సు లేదు, పొట్లం లేదు. పది వేళ్లూ ఉన్నాయి, ఈ ఉత్తరం రాస్తుంటే పొయ్యి ముందు ఆడిస్తున్నాను కూడా. నమ్మకం లేకపోతే వచ్చి లెక్కపెట్టుకో.

నువ్వు ఆగకపోవడం మాత్రం కల్పన కాదు. అది కూడా నేనే అల్లానని ఈ ఊళ్లో ఎవరైనా అంటే బాగుండును. ఎవరూ అనడం లేదు.

ఇట్లు,
దారిలో నువ్వు దాటిపోయిన
మీ అన్న మిచిల్