వదులుగా వేసిన ముడి

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

ప్రత్యేక తెలంగాణ కోసం ఈ రోజు నుంచి సకల జనుల సమ్మె. చంపాపేట్ మెయిన్ రోడ్డులో సగం షట్టర్లు దించేసి ఉన్నాయి. మేం బడి తెరిచాం. నలభై ఒక్క మందిలో ముప్ఫై మంది వచ్చారు. బుద్ధి ఎదగని పిల్లలకు సెలవు అంటే ఏమిటో చెప్పలేం. వారం రోజులు ఆగితే అన్నం కలుపుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి.

లంచ్‌కి స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళాను. మాటలు ఆగిపోయాయి. కూర బాగుందా అని ఎవరినో అడిగాను. బాగుంది మేడం అన్నారు. డబ్బా పట్టుకుని నా గదికి వచ్చి తిన్నాను.

హైదరాబాద్ వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఈ బడికి ప్రిన్సిపాల్‌నై పదకొండేళ్ళు. తెనాలి దాన్ని మాత్రం ఈ రెండేళ్ళలోనే అయ్యాను.

19 సెప్టెంబర్, సోమవారం

బస్సులు కూడా ఆగిపోయాయి. పొద్దున ఉపేందర్ వచ్చాడు, వెంట నలుగురు. మా బడిలో చదివే మాలతి తండ్రి. ఆర్టీసీ కండక్టర్, యూనియన్‌లో ముందుండే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. ఈ రోడ్డు మీద బళ్ళన్నీ మూశారని, ఒక్క మాదే తెరిచి ఉందని మర్యాదగానే చెప్పాడు. వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు గేటు పక్కన బోర్డు మీద నా ఇంటిపేరు పైకి చదివాడు. రెండుసార్లు చదివాడు.

ఉపేందర్ వాణ్ని పక్కకి పంపాడు. “నేను అడ్డం పడి ఆపుతున్న మేడం. ఎన్ని దినాలు ఆపుతనో తెల్వది” అన్నాడు.

మరి మాలతి ఎలా అని అడిగాను. ఎట్లనో చూసుకుంటామన్నాడు. నా మొహం చూడలేదు.

మధ్యాహ్నం గేటుకు తాళం వేశాను. వాదించి ఉండాల్సింది. నేను వాదిస్తే అది పిల్లల గురించిన వాదనగా మిగలదని భయపడ్డాను. భయపడ్డానని ఇక్కడే రాయగలను.

22 సెప్టెంబర్

బడి వెనక గదిలోనే నా కాపురం. పదకొండేళ్ళలో ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం వినలేదు. క్లాసులన్నీ ఊడ్చాను. చెల్లెలు ఫోన్ చేసి తెనాలి వచ్చేయమంది. అక్కడ మాత్రం నాకెవరున్నారు అనబోయి, ఫోన్‌లో ఉన్నది చెల్లెలే అని గుర్తొచ్చి ఆగాను.

24 సెప్టెంబర్

పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

27 సెప్టెంబర్, రాత్రి

ఇది రాయకుండా పడుకోలేను.

సాయంత్రం నాలుగింటికి మాలతి వాళ్ళింటికి వెళ్ళాను. రెండు వీధులవతల, కిరాయి గది. బయట గొళ్ళెం పెట్టి ఉంది. లోపల మనిషి అలికిడి. పక్కింటామె చెప్పింది, తండ్రి సమ్మె టెంటులో, తల్లి కృష్ణకుమారి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో, రాత్రి ఎనిమిదికి గానీ రాదని. ఈ పిల్ల మొన్న రోడ్డు మీదికి పరుగెత్తి లారీ కింద పడబోయిందట.

గొళ్ళెం తీశాను. మాలతి నేల మీద కూర్చుని ఉంది. పధ్నాలుగేళ్ళ పిల్ల. పాత చీర పేలిక ఒక కొస చీలమండకి, ఒక కొస మంచం కోడుకి. పక్కన మూత పెట్టిన అన్నం గిన్నె, నీళ్ళ బాటిల్. బట్టలు తడిసి ఉన్నాయి.

ముడి విప్పాను. ఒళ్ళు తుడిచి బట్టలు మార్చాను. అన్నం కలిపిచ్చాను. తనంతట తాను తినగలిగిన పిల్ల, నోరు తెరిచి కూర్చుంది. తినిపించాను. నా ఒళ్ళో తల పెట్టుకుంది. గంటసేపు అలాగే ఉన్నాం. బడికి తీసుకుపోదామనే అనుకున్నాను.

అంతలో సందు చివర్నుంచి ర్యాలీ చప్పుడు. నినాదాలు దగ్గరికొస్తున్నాయి. సమ్మెలో ఉన్నవాడి ఇంట్లోంచి ఆంధ్రా మేడం పిల్లను పట్టుకెళ్తోంది అంటారు. ఎవరైనా అన్నారా? లేదు. అంటారని నేనే అనుకున్నాను.

పేలిక చేతిలోకి తీసుకున్నాను. మాలతి తనే కాలు చాపింది.

మళ్ళీ కట్టాను. వదులుగా కట్టాను. గొళ్ళెం పెట్టి వెనక సందులోంచి వచ్చేశాను.

28 సెప్టెంబర్

కొమురమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను. బడి పెట్టిన రోజు నుంచీ ఉన్న ఆయా, పోచంపల్లి వైపు మనిషి. బియ్యం ఏరుతూ విన్నది. చేట కింద పెట్టింది.

“మీరు గూడ గట్టిన్రా మేడం?”

చెప్పులేసుకుని బయల్దేరింది. నన్ను రమ్మనలేదు.

29 సెప్టెంబర్

కొమురమ్మ మాలతిని తీసుకెళ్ళి ఎల్.బి.నగర్ రోడ్డు మీది సమ్మె టెంటులో తండ్రి పక్కన కూర్చోబెట్టిందట. మైకు మోతకు పిల్ల అరిస్తే, చెవుల చుట్టూ తువ్వాలు చుట్టి పొద్దుగూకేదాకా పక్కనే కూర్చుందట. ఉపేందర్‌కి మొదట సిగ్గేసిందట. పదిమందిలో బిడ్డను ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టుకోలేదని తనే అన్నాడట.

1 అక్టోబర్

ఆ సంగతి తెలిసి మిగతా తల్లులూ పిల్లల్ని తెస్తున్నారు. పదకొండు మందయ్యారు. కొమురమ్మ వచ్చి చాపలు, పూసల డబ్బాలు అడిగింది. గేటు దగ్గర అందించాను. జర మీరు గూడ రండ్రి, పిల్లలు మిమ్మల్ని ఎతుకుతున్నరు అంది. పనుందన్నాను.

ఏ పనీ లేదు.

3 అక్టోబర్

వెళ్ళాను. టెంటుకి కాదు, రోడ్డుకి ఇవతల. బత్తాయిల బండి వెనక నిలబడ్డాను. మా పిల్లలు చాప మీద పూసలు గుచ్చుతున్నారు. ఆఫీసు ఉద్యోగి ఎవరో, మెడలో కండువాతో, పూస ఎలా ఎక్కించాలో ఒక పిల్లాడి దగ్గర నేర్చుకుంటున్నాడు. నేను పెట్టిన టైమ్‌టేబుల్ ప్రకారమే కొమురమ్మ పదకొండింటికి నీళ్ళు తాగించింది.

నేను లేకుండా బడి నడుస్తోంది. సంతోషించాలి. బత్తాయిలు కొనుక్కుని వచ్చేశాను.

5 అక్టోబర్, బుధవారం

ఈ రోజు రోడ్డు దాటాను.

ఎవరూ ఏమీ అడగలేదు. ఒకామె జరిగి చోటిచ్చింది. మైకులో ఎవరో ఆంధ్రోళ్ళ గురించి గట్టిగానే మాట్లాడుతున్నారు. అదే సమయంలో ఎవరో నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చారు. రెండూ ఒకేసారి జరిగాయి. అలాగే రాస్తున్నాను.

మాలతి నన్ను చూసింది. లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. కాలు చాపింది.

ఉపేందర్‌కి అర్థం కాలేదు. ఏంది బిడ్డా గట్ల జేస్తున్నవ్ అని నవ్వాడు. అప్పుడు చెప్పేశాను. ఏ రోజు వచ్చానో, ఎంతసేపున్నానో, ఎందుకు కట్టానో.

చాప వైపు చూశాడు. “మేం గూడ కట్టినం గద మేడం” అన్నాడు.

“మీరు దారి లేక కట్టారు. నాకు దారి ఉంది. బడి తాళంచెవి నా బ్యాగులోనే ఉంది.”

మాట్లాడే వంతు వచ్చిందని ఎవరో పిలిస్తే లేచి మైకు దగ్గరికి పోయాడు. నేను సాయంత్రం దాకా పూసలు ఏరాను. మాలతి కొమురమ్మ వెనక్కి పోయి కూర్చుంది.

9 అక్టోబర్

రోజూ పోతున్నాను. ఇద్దరు టీచర్లు కూడా వస్తున్నారు, పలకరిస్తున్నారు. మాలతి నా చేత్తో ఇస్తే నీళ్ళు తాగదు.

18 అక్టోబర్, మంగళవారం

బస్సులు తిరుగుతున్నాయి. బడి తెరిచాం. ముప్ఫై ఏడుగురు.

హాజరు నేనే పిలిచాను. మాలతి లేచి నిలబడింది. చూపు నా చేతుల మీద. రిజిస్టర్ కింద పెట్టి రెండు చేతులూ విప్పి చూపించాను.

కాసేపు చూసింది. కూర్చుంది.