ఇరుక్కున్న బొత్తాం

అమ్మకు, నేను బాగున్నాను. చిన్న విమానంలో పైకి వెళ్తున్నానని ముందే చెప్తే కంగారు పడతావు, అందుకే దిగాక రాస్తున్నాను.

మా పాత విమానాల్లో రేడియో స్విచ్‌లు పేచీ పెడుతున్నాయి. స్టీరింగ్ మీది బొత్తాం నొక్కితే పైలట్ మాట కింద టవర్‌కి వినపడాలి, వదిలితే ఆగిపోవాలి. రోగం గాల్లోనే బయటపడుతుందని, రిపేరు చెయ్యాల్సిన నేనూ పైలట్ పక్కన కూర్చున్నాను. పైలట్ "ఇంకో చుట్టు తిరిగి దిగుతాం" అని టవర్‌కి చెప్పి వేలు తీశాడు. బొత్తాం మాత్రం లోపలే ఇరుక్కుంది. అది తెలియక నావైపు తిరిగి, "మిమ్మల్ని చేసుకుంటానని మీ అమ్మగారిని అడగనా?" అన్నాడు. టవరూ, గాల్లో ఉన్న మిగతా విమానాలూ అంతా విన్నాయి. ఆ బొత్తాం అతని మైకుది కాబట్టి నా జవాబు మాత్రం ఎవరికీ చేరలేదు.

దిగేసరికి టవర్ పెద్దాయన డ్యూటీ పక్కవాడికి అప్పగించి మరీ వచ్చాడు. "స్విచ్ సంగతి తర్వాత. నువ్వేమన్నావమ్మా?" అన్నాడు. పెట్రోలు పోసేవాళ్లు పని ఆపి చెవులు రిక్కించారు. నేను స్క్రూడ్రైవర్ తీసి, అన్ని విమానాలకూ కొత్త స్విచ్‌లు వేసేశాను. ఇప్పుడు నొక్కితే పలుకుతాయి, వదిలితే నోరు మూస్తాయి.

కుట్టుమిషను మళ్లీ మొరాయిస్తోందా? ఎవరికీ ఇవ్వకు, నేను చూస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? దణ్ణం పెట్టానని చెప్పు.

నా జవాబు ఈ కార్డు మీద రాయను, మన పోస్టుమాన్ నీకంటే ముందు చదివేస్తాడు. ఆదివారం వస్తున్నాను. వంట ఇంకో మనిషికి కూడా చెయ్యి. కారం తగ్గించు.

నీ పిడుగు