అరవై బస్తాల లెక్క

బాపట్ల

తమ్ముడు సామ్యేలుకు అక్క రూతమ్మ దీవించి వ్రాయునది.

ముందు నీ లెక్క దిద్దుతాను, క్షేమ సమాచారాలు తర్వాత. ఫోను కోసేసే ముందు నువ్వన్న మాట ఇది: "ట్రక్కు కాగితాల్లో ఆరు టన్నులని ఉంది. బస్తా డెబ్బై అయిదు కిలోలు, ఎనభై బస్తాలు వేశాను, సరిగ్గా ఆరు టన్నులు. నా తప్పేంటి?" గుణకారం సరిగ్గానే చేశావు. బళ్లో నీకు లెక్కలు చెప్పినదాన్ని కనుక ఆ మేరకు సంతోషించాను. కాని ఆ ఆరు టన్నులు ధాన్యానికి ఇచ్చినవి కావు. ట్రాక్టరు వెనక తగిలించే ఆ ట్రక్కు, అందులో ధాన్యం, రెండూ కలిపి ఆరు. నీ ట్రక్కు ఖాళీగానే ఒకటిన్నర టన్ను తూగుతుందని మన మనవరాలు లత చెప్పింది. మిగిలిన నాలుగున్నరకీ అరవై బస్తాలు. పైన వేసిన ఇరవై నీ ధైర్యం. అదీగాక వానకు తడిసిన ధాన్యం. తడిసినా బస్తా బస్తాయేనని నువ్వూ నీ కూలీలూ అనుకుంటారు, కాటా అనుకోదు.

ఇలా ఉత్తరం రాయడం ఎందుకంటే, ఫోను మధ్యలో కోయగలవు, ఉత్తరాన్ని కోయలేవు. చించగలవు గాని, చదవకుండా చించేంత ఓపిక నీకు లేదు.

ఇక్కడ నేను క్షేమం. మోకాలు మాత్రం నాకంటే పెద్దదానిలా మూలుగుతోంది. నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? మీ ఆవిడ సుగుణను అడుగుతాను, నీ జవాబు నాకక్కర్లేదు. రేపల్లె నుంచి బాపట్ల ఎంత దూరమని నవ్వావు గాని, ఈ వయసులో వంటిల్లు మారితే వలస వచ్చినట్టే. సముద్రపు గాలికి ఉప్పు డబ్బా ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, తీగ మీద చీర సాయంత్రానికీ ఆరదు. నీళ్లు క్యాన్లలో కొంటున్నాం. మన రేపల్లెలో రైలు వచ్చి ఆగిపోయేది, ఇక దానికి పోవడానికి చోటు లేదు. ఇక్కడేమో చాలా రైళ్లు ఆగకుండా పోతాయి. పొద్దున లత డ్యూటీకి వెళ్లాక, పోయే రైళ్లు వింటూ పప్పు ఏరుకుంటాను. అంతకుమించి దిగులేమీ లేదు, బెంగపెట్టుకోకు.

ఇక అసలు సంగతి. నీ నోట ఆ కథ రేపల్లె అంతా విన్నది. లత నోట నేను విన్నది ఇలా ఉంది.

బ్రేకు ఇన్‌స్పెక్టరుగా తన మొదటి ఉద్యోగం కదా, బైపాసు దగ్గర నిలబడి వచ్చే బండికల్లా చెయ్యెత్తుతోంది. అది నీ బండేనని దగ్గరికి వచ్చేదాకా తెలియలేదట. తెలిశాక కూడా చెయ్యి దించలేదు.

"ఏంటే, తాతయ్య బండి కూడా ఆపుతావా?" అన్నావు.

"కాటాకి పోనివ్వండి," అంది.

"అండీ ఏంటే? నేనెవరో తెలీదా నీకు?"

"తెలుసు తాతయ్యా. ముందు కాటా. తర్వాత ఇంటికెళ్లి అన్నం తిందురుగాని."

కాటాలో ఎక్కువ వచ్చింది. అదనపు బస్తాలు దింపించింది, జరిమానా రాసింది. నువ్వు నలుగురి ముందూ "ఎత్తుకుని పెంచినందుకు బాగా చేశావమ్మా" అన్నావు. అంతటితో ఊరుకున్నావా? సుగుణ దానికోసం పంపిన పీతల కూర క్యారేజీని సీటు కింద నుంచి తీసి, చూపించి, మళ్లీ సీటు కిందే పెట్టుకుని వెళ్లిపోయావు. మనవలున్న మనిషివి. ఆ కూర ఎవరు తిన్నారో నేను అడగను.

ఆ సాయంత్రం అది యూనిఫాం కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుంది. జరిమానా సంగతి కాదు సామ్యేలూ, నీ ముఖం తిప్పుకోవడం దానికి తగిలింది. "పోనీ ఆ ఒక్కసారికీ వదిలేయాల్సిందేమో," అన్నాను, మనసు తెలుసుకుందామని.

"అమ్మమ్మా, కాలవ వంతెన దిగేటప్పుడు తాతయ్య నాకేం చెప్పేవాడో నీకు గుర్తుందా?" అంది. "ఇంజను లాగుతోందని మురిసిపోకు పిల్లా, దిగుడులో వెనక బరువు తోస్తుంది, అప్పుడు అదే డ్రైవరు, అనేవాడు. ఆ ట్రక్కుకి వేరే బ్రేకు లేదు. రెండింటికీ ట్రాక్టరు బ్రేకే. నేను వదిలేస్తే అంత బరువుతో తర్వాతి వంతెన దిగాల్సింది ఎవరు? తాతయ్యే కదా."

లేచి దానికి అన్నం వడ్డించాను.

తల్లీ తండ్రీ గుంటూరులో ఉద్యోగాలు చేసుకుంటుంటే, అది సెలవులన్నీ నీ ట్రాక్టరు మడ్‌గార్డు మీదే గడిపింది. ఆడపిల్లకు స్టీరింగేంటని వీధి వీధంతా నవ్వితే, "నవ్వేవాళ్లు పక్కకి తప్పుకోండి, పిల్లకింకా బ్రేకు సరిగా రాదు" అన్నవాడివి నువ్వు. బ్రేకు నేర్పినవాడివి నువ్వే. ఇప్పుడొచ్చిందని అలుగుతావా?

నెలాఖరులోగా బదిలీ అడుగుతానంటోంది. "తాతయ్య గుమ్మం తొక్కలేనప్పుడు పక్క ఊళ్లో ఉద్యోగం ఎందుకు అమ్మమ్మా, ఎక్కడికైనా పోదాం," అంటుంది. అది పోతే నేనూ పోవాలి. ఏ జిల్లాకో, ఏ నీళ్లకో. ఇక్కడైతే కనీసం నువ్వు అలిగి కూర్చున్న చోటు తెలుసు. నిన్ను ఒక్క మాట కూడా చెప్పమనడం లేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు, వచ్చి అన్నం తిని వెళ్లేవారు. నువ్వూ అంతే చెయ్యి.

సుగుణకూ పిల్లలకూ నా దీవెనలు. తెనాలిలో పిన్నికి వందనాలు చెప్పు. పెద్దావిడ ప్రార్థన త్వరగా చేరుతుంది, నా పేరు తలుచుకోమను, మోకాళ్ల సంగతి విడిగా చెప్పమను.

ఇప్పుడు పని. రేపు ట్రక్కును ఖాళీగా మిల్లు కాటా మీదికి తోలి, ట్రాక్టరు విప్పి పక్కన పెట్టి, ట్రక్కు ఒక్కటే తూయించు. ఖాళీ బరువు, మొత్తం బరువు, రెండూ ఎడమ పక్క తెల్లరంగుతో రాయించు, ఎలాగూ రాయించాల్సినవే. నీ పేరు పెద్దగా, అంకెలు చిన్నగా రాయించుకుంటావు, నాకు తెలుసు. తిరగేసి చెప్పు పెయింటరుకి. ఆదివారం గుడి అయ్యాక ఆ బండి మీదే రా, బస్సు వద్దు, ఆ అంకెలు లత చూడాలి. మా సందులో ట్రక్కు తిరగదు, మలుపు దగ్గరే ఆపుకో. సీటు కింద క్యారేజీ పెట్టుకో, అన్ని గిన్నెలూ నింపించు, పీతలు నిజాంపట్నం నుంచి వచ్చిన రోజువే అయ్యుండాలి. లత ఎదురొస్తుంది. క్యారేజీ దాని చేతికి నువ్వే దింపు.

అక్క
రూతమ్మ