బావ తెచ్చిన కాకతీయ నాణెం

కాటారం నాణేల పండితులు, మా బావ దినేశ్ గారికి,

ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. మీరు పంపిన వరాహం బొమ్మ నాణేన్ని జనగామలో సుదర్శనం సారుకు చూపించాను. కాలేజీలో చరిత్ర చెప్పిన ఆయన భూతద్దం తీసి చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

“బిడ్డా, అంచు మీద గీత కనవడ్తున్నదా? కాకతీయుల కాలంల ముద్ర కొట్టేటోళ్లు. గిది మొన్న మొన్న అచ్చుల పోసింది” అన్నారు.

కాబట్టి ఊరందరినీ పిలిచి చూపించడం ఇక ఆపండి బావా.

దానికి బదులుగా ఆ నాణెం అమ్మిన వ్యాపారికి మీరు మోతీ అక్క హారంలోంచి తీసిచ్చిన నిజాం వెండి రూపాయి మాత్రం అసలుదే. అది మా అమ్మ పెళ్లినాటిది. కంగారుపడకండి, బస్టాండు దగ్గర ఆ వ్యాపారిని వెతికి పట్టుకున్నాను. పోలీసుల పేరెత్తగానే, “కొండి అతికిచ్చిన రూపాయిని ఎవ్వరు కొంటలేరు, తీస్కపో అక్కా” అని ఇచ్చేశాడు.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా రాస్తున్నాను. మొన్న కొత్తగూడలో అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు అక్క అంత ఉక్కలోనూ మెడ చుట్టూ కొంగు కప్పుకునే ఉంది. ఎందుకని అడిగాను.

“హారంల సందు కనవడ్తే అమ్మ మీ బావను ఏమన్న అంటది. గా నాణెం తెచ్చిననాడు ఆయన ఎంత సంబురపడ్డడో నువ్వు చూడలే” అన్నది.

ఆదివారం వచ్చి రూపాయి తీసుకుపోండి. హారంలో మీ చేత్తోనే కుట్టండి. సూదిలో దారం ఎక్కించడం నేను నేర్పుతాను.

మీ మరదలు